గోడకన్నా ముందు కుళాయి: కుంగుతున్న తీర నగరాల గురించి ఒక జవాబు

అడిగిన ప్రశ్న ఇది: "జకార్తా కుంగిపోతోందని, సముద్రం మీదికొచ్చేస్తోందని ఇండోనేషియా వాళ్ళు రాజధానినే వేరే దీవికి మారుస్తున్నారు. అంత ఖర్చు పెట్టే బదులు సముద్రానికి అడ్డంగా పెద్ద గోడ కట్టుకుంటే సరిపోదా? కుంగిన నేలను మళ్ళీ పైకి తేలేమా? మాది కాకినాడ. మనకూ ఈ ముప్పు ఉందా?"

ముందు ముక్తసరిగా చెప్పేస్తాను. గోడ కట్టొచ్చు, కానీ ఆ గోడ నిలబడేది కూడా కుంగే నేల మీదే. కుంగిన నేల తిరిగి రాదు. కాకినాడకు, కోనసీమకు ముప్పు ఉంది, అయితే అది జకార్తా లాంటిది కాదు. నేను ముప్పై ఏళ్ళకు పైగా భూగర్భ జలాల పనిలో ఉన్నాను. అందులో రెండేళ్ళు జకార్తాలో గడిచాయి. ఆ అనుభవంతో కొంచెం వివరంగా రాస్తాను.

మొదట రెండు లెక్కలు పక్కపక్కన పెట్టుకుందాం. ప్రపంచం మొత్తం మీద సగటున సముద్రమట్టం ఇప్పుడు ఏడాదికి సుమారు 4 మిల్లీమీటర్లు పెరుగుతోంది. బియ్యపు గింజ పొడవు కూడా లేదు. ఉత్తర జకార్తాలో నేల దారుణంగా కుంగిన చోట్ల ఆ వేగం ఏడాదికి 10 సెంటీమీటర్లు దాటింది, అంటే బెత్తెడుకు పైమాటే. 1968లో టోక్యోలో ఒకచోట ఏడాదిలో దాదాపు 24 సెంటీమీటర్లు, జానెడు మేర కుంగింది. సముద్రం గింజంత లేస్తుంటే నేల జానెడు దిగుతోంది. ఒడ్డున ఉన్న మనిషికి మాత్రం రెండూ కలిసి ఒకటిగానే కనిపిస్తాయి: నీళ్ళు ఇంట్లోకి వచ్చాయి. 2021లో వచ్చిన ఒక అధ్యయనం దీన్నే జనం వైపు నుంచి లెక్కగట్టింది. తీరాల్లో ఉండే సగటు మనిషి అనుభవిస్తున్న నీటి పెరుగుదల ఏడాదికి 7.8 నుంచి 9.9 మిల్లీమీటర్లని తేలింది. సముద్రం పెరిగే వేగానికి ఇది సుమారు రెండు రెట్లు, ఆపైన. జనం ఎక్కువగా చేరింది డెల్టాల మీద, కుంగే నగరాల మీదే కావడం దీనికి కారణం.

సముద్రమట్టం పెరగడాన్ని ఏ మున్సిపాలిటీ ఆపలేదు. నేల కుంగడాన్ని ఆపగలదు, ఆపిన నగరాలు ఉన్నాయి కూడా. ఈ జవాబు అంతా ఆ సంగతి చుట్టూనే.

నేల ఎందుకు కుంగుతుంది? డెల్టా నేలలో ఇసుక పొర, బంకమట్టి పొర, మళ్ళీ ఇసుక, మళ్ళీ బంక, ఇలా వందల మీటర్ల లోతు దాకా పొరలుంటాయి. బోరు నీళ్ళు వచ్చేది ఇసుక పొరల నుంచి. కుంగేది మాత్రం బంకమట్టి. బంకమట్టి రేణువులు సన్నని రేకుల్లా ఉంటాయి. వాటి మధ్య నిండా నీళ్ళుంటాయి, పైనున్న నేల బరువులో కొంత ఆ నీళ్ళే మోస్తుంటాయి. పచ్చి విస్తరాకుల కట్టను తలుచుకోండి, ఉబ్బుగా ఉంటుంది. దాని మీద రోలు పెట్టి రెండు రోజుల తర్వాత తీసి చూడండి. ఆకులు అణిగిపోయి ఉంటాయి, రోలు తీసేసినా కట్ట మునుపటి ఎత్తుకు రాదు. ఇసుక పొరలో నీళ్ళు తోడేస్తే పక్కనున్న బంకమట్టిలోని నీళ్ళు మెల్లగా ఇసుకలోకి దిగిపోతాయి. నీళ్ళు మోసే బరువు రేకుల మీద పడుతుంది. రేకులు అణుగుతాయి. పైన వీధి, ఇల్లు, గుడి అన్నీ కలిసి దిగుతాయి. 1925లో టెర్జాగి అనే ఇంజనీరు దీనికి లెక్క ఇచ్చాడు. ఇప్పటికీ మా పని అంతా దాని మీదే నడుస్తోంది.

ఆ లెక్కలో ఒక ముక్క మీరు కాగితం మీద వేసి చూసుకోవచ్చు. బోరులో నీటి మట్టం ఒక మీటరు పడిపోతే కింద పొరల మీద చదరపు మీటరుకు ఒక టన్ను అదనపు బరువు పెట్టినట్టు. మట్టం 30 మీటర్లు పడిపోతే 30 టన్నులు. మామూలు కాంక్రీటు భవనం అంతస్తుకు చదరపు మీటరుకు టన్ను పైచిలుకు బరువుంటుంది. అంటే 30 మీటర్ల నీళ్ళు తోడేయడమంటే ఊరు ఊరంతటి మీద ఎక్కడా ఖాళీ లేకుండా పాతిక అంతస్తుల భవనం పెట్టినంత పని. "ఎత్తైన భవనాల బరువుకే నగరాలు కుంగుతున్నాయి" అని తరచూ రాస్తుంటారు. భవనాల వల్ల కొంత కుంగుబాటు ఉంటుంది, కాదనను. అయితే ఆ భవనం పునాది కంటే దాని సెల్లారు పక్కన వేసిన బోరే ఎక్కువ నొక్కుతుంది.

ల్యాబులో చేసే పరీక్ష ఒకటి చెబితే మీ రెండో ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. బోరు వేసేటప్పుడు తీసిన బంకమట్టిలో నుంచి రెండు సెంటీమీటర్ల మందాన గుండ్రని బిళ్ళ కోస్తాం. దాన్ని లోహపు రింగులో బిగించి, పైనా కిందా నీళ్ళు దూరే రాతి పలకలు పెట్టి, బరువు ఎక్కిస్తాం. బిళ్ళ ఎంత అణిగిందో చూపే డయల్ గేజి ముల్లు మొదటి నిమిషంలో గబగబా తిరుగుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. రాత్రికి అలాగే వదిలేసి వెళ్ళి పొద్దున్న వచ్చి చూస్తే ముల్లు ఇంకా కొద్దికొద్దిగా కదులుతూనే ఉంటుంది. అంత చిన్న బిళ్ళకే అంతసేపు పడుతోంది. మందం పది రెట్లు పెరిగితే పట్టే కాలం వంద రెట్లు పెరుగుతుంది. మీటర్ల మందం ఉన్న పొరలకు ఎన్నేళ్ళు పడుతుందో ఊహించుకోండి. బోర్లు మూసేసిన తర్వాత కూడా నేల కొన్నేళ్ళ పాటు దిగుతూనే ఉండేది ఇందుకే. ఇక బరువు తీసేస్తే ఏమవుతుంది? ముల్లు కాస్త వెనక్కి వచ్చి ఆగిపోతుంది. నొక్కినప్పుడు దిగినదాంట్లో తిరిగొచ్చేది చాలా స్వల్పం. ఆ ముల్లు ఆగిపోయిన చోటును కొన్ని వందల సార్లు చూశాను. అందుకే "తర్వాత నీళ్ళు ఎక్కించి లేపుకోవచ్చులే" అనే మాట ఎవరన్నా అంటే నాకు భయమేస్తుంది. వెనిస్ నగరం పక్కన మార్ఘెరా పారిశ్రామికవాడలో నీళ్ళు తోడడం 1970ల్లో ఆపేశాక నేల తిరిగి లేచింది మహా అయితే 2 సెంటీమీటర్లు. దిగినదాంట్లో అది చిన్న భాగమే.

కొలతల విషయంలో మా బృందం చేసిన తప్పు ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ళ కిందట తీరంలో ఒక పట్టణంలో నేల కుంగుతోందా అని లెవలింగ్, అంటే చోటుచోటుకూ ఎత్తుల తేడా కొలిచే పని చేశాం. పాత బడి అరుగు మీద ఉన్న బెంచ్ మార్క్ (ఎత్తు ముందే తెలిసిన గుర్తు) నుంచి మొదలుపెట్టి ఊరంతా తిరిగి మళ్ళీ అక్కడికే వచ్చి ముగించాం. లెక్కలు ముచ్చటగా సరిపోయాయి. పాత రికార్డుతో పోలిస్తే తేడా ఏమీ లేదు. కుంగుబాటు లేదని నివేదిక రాసిచ్చాం. మూడేళ్ళ తర్వాత దూరాన ఉన్న కొండరాయి మీది బెంచ్ మార్క్ నుంచి మళ్ళీ కొలుచుకుంటూ వస్తే బడి అరుగే దిగిపోయిందని తెలిసింది. ఊరూ అరుగూ కలిసి కుంగాయి, కాబట్టి వాటి మధ్య తేడా కనపడలేదు. మూడేళ్ళ పాటు ఆ పట్టణంలో బోర్లకు అడ్డూ అదుపూ లేకుండా పోవడంలో మా నివేదిక పాత్ర ఉంది. అప్పటి నుంచి ఏ ఊరి కుంగుబాటు లెక్క చూసినా నేను మొదట అడిగేది "దేని నుంచి కొలిచారు?" అని. ఇప్పుడు ఉపగ్రహ రాడారు చిత్రాలతో ఊరు మొత్తాన్ని మిల్లీమీటర్లలో చూడొచ్చు. 2014 నుంచి యూరప్ వాళ్ళ సెంటినెల్ ఉపగ్రహం తీసే చిత్రాలు ఉచితంగా దొరుకుతున్నాయి. అవి కూడా కదలని ఒక చోటుతో పోల్చి చూడాల్సిందే.

ఇప్పుడు జకార్తా సంగతి. ఉత్తరాన మువారా బారు అనే చేపల రేవు పేట ఉంది. అక్కడ గోడ పక్కన వీధిలో నిలబడితే అలల చప్పుడు తల మీద నుంచి వినిపిస్తుంది. గోడెక్కి చూస్తే అవతల సముద్రం, ఇవతల కిందుగా వీధి. గోడ మొదట్లో అతుకుల దగ్గర తడి, తెల్లగా ఉప్పు పేరుకున్న చారలు. ఇళ్ళలో గచ్చు మీద గచ్చు వేసుకుంటూ వచ్చారు, గుమ్మాలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. నేను భోజనం చేసే ఇంట్లో పెద్దావిడ మామూలుగా నడిచి వెళ్ళే గుమ్మంలో నేను నడుం దాకా వంగాల్సి వచ్చేది. ఆ ఇంటి పెరట్లో బోరు కేసింగ్ పైపు, అంటే బోరు గోడ కూలకుండా లోపలికి దించే పైపు ఉండేది. వేసినప్పుడు గచ్చుకు కాస్తే పైకి ఉండేదట, నేను చూసేనాటికి నా మోకాలి దాకా లేచి ఉంది. పైపు లేవలేదు. దాని కింది కొస బాగా లోతున గట్టి పొరలో ఉంది, చుట్టూ ఉన్న నేల జారిపోయింది. గోడకు సముద్రం వైపున వాల్ అధూనా అనే మసీదు నీళ్ళలో పాడుబడి నిలిచి ఉంది. ఒకప్పుడు జనం నడిచి వెళ్ళి నమాజు చేసుకున్న చోటది.

ఉత్తర జకార్తాలో కొన్నిచోట్ల 1970ల నుంచి ఇప్పటిదాకా నేల 4 మీటర్ల దాకా దిగింది. నగరంలో దాదాపు 40 శాతం సముద్రమట్టం కంటే కిందుంది. 13 నదులు ఊళ్ళోంచి పారుతున్నాయి, అయినా వాటి నీళ్ళు తాగేటట్టు లేవు. నగరానికి నీళ్ళు ఎక్కువ భాగం దూరాన ఉన్న జటిలుహుర్ జలాశయం నుంచి కాలువలో రావాలి. కుళాయి నీళ్ళు చాలాకాలం పాటు మూడింట రెండు వంతుల మందికి మించి అందలేదు. అందినచోట కూడా పగలంతా ధార ఉండదు. 1998 నుంచి 25 ఏళ్ళ పాటు నీటి సరఫరాను రెండు ప్రైవేటు కంపెనీలకు అప్పగించారు, ఆ గడువు 2023తో ముగిసింది. ఆ కాలమంతా ఇళ్ళు, హోటళ్ళు, కర్మాగారాలు, మాల్స్ తమ బోర్లు తాము వేసుకున్నాయి. కుళాయి రాని ఇంటి ఇల్లాలిని బోరు వేయొద్దని ఎవరు అనగలరు? నాకు భోజనం పెట్టిన ఆ పెద్దావిడ అదే అడిగింది: "ఇది మూసేస్తే బియ్యం దేంతో కడగను బాబూ?" అని. జకార్తా సమస్య ఆ ఒక్క మాటలో ఉంది.

రాజధానిని బోర్నియోలోని నుసంతరాకు మారుస్తామని 2019లో ప్రకటించి 2022లో చట్టం చేశారు. మంత్రిత్వ శాఖలు వెళ్తాయి సరే, కోటి మందికి పైగా జనం జకార్తాలోనే ఉంటారు. వాళ్ళ కాళ్ళ కింద నేల మాటేమిటి? పెద్ద గోడ ఆలోచన కొత్తది కాదు. 2014లో గరుడపక్షి ఆకారంలో కృత్రిమ దీవులతో సహా ఒక బ్రహ్మాండమైన నమూనా చూపించారు, తర్వాత చాలాసార్లు మార్చారు. తీరం పొడవునా గోడ పెంచే పని మాత్రం సాగుతోంది. 2019 డిసెంబరులో మువారా బారులో కొత్త గోడలో ఒక భాగం సముద్రంలోకి ఒరిగిపోయింది. గోడల్ని తిట్టడం నా ఉద్దేశం కాదు. ఆ గోడ లేకపోతే ఆ పేట రేపటికి ఉండదు. ఇంట్లో నీళ్ళు కారుతుంటే కింద గిన్నె పెట్టడం తప్పు కాదు, కానీ పైకప్పు సంగతి చూడకుండా ఇంకా పెద్ద గిన్నె కొనుక్కుంటూ పోతేనే తప్పు. పైగా సముద్రానికి గోడ కడితే నదులు బయటికి ఎలా పోతాయి? నేల సముద్రం కంటే కిందికి పోయిందంటే ఇక వాననీరు తనంతట తాను పారదు. ప్రతి చుక్కనూ పంపుతో ఎత్తిపోయాలి. జకార్తాలో ప్లుయిట్ చెరువు దగ్గర పంపులు చేస్తున్నది అదే. కరెంటు పోయిన రాత్రి ఊరు మునుగుతుంది. ఈ ఖర్చుకు అంతంటూ ఉండదు.

ఆపిన నగరాల్లో టోక్యో అన్నిటికన్నా పెద్ద ఉదాహరణ. అక్కడి కోతో వార్డు ప్రాంతంలో నేల 4.5 మీటర్లు కుంగింది. మినామిసునా దగ్గర ఒక స్తంభం నిలిపి, ఏ కాలంలో నేల ఎక్కడ ఉండేదో గుర్తులు పెట్టారు. దాని కింద నిలబడి తలెత్తి చూస్తే తాతల నాటి వీధి మన తల మీద చాలా ఎత్తున ఉంటుంది. కుంగుబాటుకు కారణమేమిటో మొదట్లో ఎవరికీ తెలియదు, భూకంపాల వల్ల అనుకునేవారు. 1940కి అటూ ఇటుగా కియూ వదాతి అనే శాస్త్రవేత్త ఒసాకాలో బావుల్లో నీటి మట్టాలనూ నేల కుంగుబాటునూ పక్కపక్కన పెట్టి చూసి, ఇది నీళ్ళు తోడడం వల్లేనని చెప్పారు. దానికి యుద్ధమే రుజువు చూపింది. బాంబులకు ఫ్యాక్టరీలు కూలిపోయి పంపులు ఆగాయి, నేల కుంగడమూ ఆగింది. యుద్ధం అయ్యాక ఫ్యాక్టరీలు లేచాయి, మళ్ళీ నేల దిగడం మొదలైంది.

1956లో జపాన్ పారిశ్రామిక నీటి చట్టం చేసింది, 1962లో పెద్ద భవనాల బోర్లకు ఇంకో చట్టం తెచ్చింది. ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఫ్యాక్టరీల కోసం నదుల నుంచి వేరే నీటి పైపులైన్లు వేసి, ఆ నీళ్ళు గేటు దాకా తెచ్చాక బోరు మూయమన్నారు. నీళ్ళిచ్చి బోరు మూశారు, అందుకే ఆ చట్టం అమలైంది. 1972లో టోక్యో నగరపాలన మరో మెట్టు ఎక్కింది. అక్కడ ఉప్పునీటితో కలిసి సహజవాయువు వచ్చేది, దాని కోసం లోతు నుంచి నీళ్ళు విపరీతంగా తోడేవారు. ఆ గనుల హక్కుల్ని నగరమే కొనేసి పంపులు ఆపించింది. అలా 1970లు ముగిసేసరికి కుంగుబాటు దాదాపు ఆగిపోయింది. అయితే అప్పటికే దిగిపోయిన నేల అలాగే ఉంది. కోతో వార్డు తూర్పు భాగంలో కాలువల నీటి మట్టాన్ని బయటి నది కంటే దించి ఉంచుతారు. పడవలు ఓగిబాషి లాకుల గుండా దిగి వెళ్తాయి. ధవళేశ్వరం లాకులు చూసినవాళ్ళకు అది పరాయి ఊరిలా అనిపించదు.

షాంఘైలో పద్ధతి వేరు. 1921 నుంచి 1965 మధ్య అక్కడ నేల కొన్నిచోట్ల 2.6 మీటర్లకు పైగా కుంగింది. నూలు మిల్లులు వేసవిలో చల్లదనం కోసం భూగర్భ జలం తోడేవి. 1966 నుంచి చలికాలంలో చల్లటి నీళ్ళను బావుల్లోకి ఎక్కించి, వేసవిలో అవే నీళ్ళు చల్లగా తీసి వాడుకోవడం మొదలుపెట్టారు. మిల్లు అవసరమూ తీరింది, పొరల్లో ఒత్తిడీ తిరిగి నిలిచింది. నాకు చాలా ఇష్టమైన ఇంజనీరింగ్ పనుల్లో అదొకటి.

బ్యాంకాక్ ధరతో సాధించింది. అక్కడ 1980ల మొదట్లో తూర్పు పేటల్లో ఏడాదికి 10 సెంటీమీటర్లు పైగా కుంగేది. 1977లోనే చట్టం చేశారు, కాగితం మీద ఉండిపోయింది. బోరు నీళ్ళు కుళాయి నీళ్ళ కంటే చవకైనంత కాలం ఏ ఫ్యాక్టరీ వినలేదు. 2000 తర్వాత బోరు నీటి రుసుము మెట్లు మెట్లుగా పెంచారు. సంరక్షణ రుసుము కూడా కలిపేసరికి ఘనపు మీటరుకు 17 బాట్లు అయింది, కుళాయి నీళ్ళే లాభమయ్యాయి. తోడడం తగ్గింది, కుంగుబాటు ఏడాదికి ఒకటి రెండు సెంటీమీటర్లకు దిగింది. అయితే నగరం లోపల కట్టడి పెడితే ఫ్యాక్టరీలు చుట్టుపక్కల జిల్లాలకు పోయాయి, అక్కడ నేల దిగడం మొదలైంది. అమెరికాలో హ్యూస్టన్‌లోనూ ఇదే జరిగింది. 1975లో బోర్లను అదుపు చేయడానికే ప్రత్యేక పాలక మండలి పెట్టి ఓడ కాలువ దగ్గర కుంగుబాటు ఆపారు. ఊరు వాయవ్యంగా పెరిగి, అక్కడి శివారు కాలనీలు బోర్ల మీద బతుకుతూ కుంగాయి. హ్యూస్టన్ పక్కన బేటౌన్‌లో బ్రౌన్‌వుడ్ అనే కాలనీ సుమారు 3 మీటర్లు దిగిపోయింది. 1983లో అలీసియా తుపాను ఆ ఇళ్ళను ముంచేశాక వాటిని వదిలేశారు. ఇప్పుడు అక్కడ పక్షుల మడుగులున్నాయి. నీటి పొరకు మున్సిపాలిటీ హద్దు తెలియదు కాబట్టి అదుపు చేసే అధికారం పొర ఎంత దూరం ఉంటే అంత దూరం ఉండాలి.

బోర్లు ఆపాక కొత్త చిక్కు రావచ్చు. టోక్యోలో నీటి మట్టం తిరిగి లేచేసరికి, మట్టం కింద ఉన్న రోజుల్లో కట్టిన భూగర్భ రైల్వే స్టేషన్లు అడుగు నుంచి తేలబోయాయి. ఉఎనో స్టేషన్‌లో వేల టన్నుల ఇనుప బరువులు పేర్చారు, టోక్యో స్టేషన్‌ను లోతు నేలకు లంగర్లతో బిగించారు. అందుకే ఒక్కసారిగా అన్నీ మూసేయమని నేను ఎప్పుడూ సలహా ఇవ్వను. నీటి మట్టం ఏ ఎత్తుల మధ్య ఉండాలో ముందు నిర్ణయించి, పీజోమీటర్లు (నేల లోపలి నీటి మట్టం చూపే గొట్టాలు) పెట్టి చూసుకుంటూ తగ్గించాలి.

జకార్తా కూడా కదులుతోంది. 2023 ఆగస్టు నుంచి కొన్ని ప్రాంతాల్లో పెద్ద భవనాలకు బోరు నీళ్ళు నిషేధించారు, 2030 నాటికి నగరమంతా కుళాయి నీళ్ళు ఇస్తామంటున్నారు. నన్నడిగితే ఆ నగరం భవిష్యత్తు రెండో మాట మీదే ఆధారపడి ఉంది.

మడ చెట్లు నాటితే చాలు కదా అని కూడా అడుగుతుంటారు. మడ అడవి కావాలి, అలల దెబ్బ తగ్గిస్తుంది, మట్టి పట్టుకుంటుంది. కానీ జావాలోనే సెమరాంగ్ నగరం పక్కన డెమాక్ తీరంలో వెదురు కంచెలు కట్టి మట్టి నిలబెట్టి మడ పెంచిన మంచి ప్రయత్నాన్ని పక్క నగరం బోర్ల వల్ల కుంగుతున్న నేల వెనక్కి లాగేసింది. మట్టి చేరే వేగం కంటే నేల దిగే వేగం ఎక్కువైతే మొక్క మునిగిపోతుంది.

ఇక మన సంగతి. గోదావరి, కృష్ణ డెల్టాలను ఆ నదులు తెచ్చిన ఒండ్రు కట్టింది. కొత్త డెల్టా మట్టి తన బరువుకు తానే కొద్దికొద్దిగా అణుగుతుంది, అది సహజం. ఏటా వరద తెచ్చే ఒండ్రు ఆ లోటు పూడ్చేది. ఇప్పుడు కృష్ణ ఒండ్రు చాలా వరకు శ్రీశైలం, నాగార్జునసాగర్లలోనే ఆగిపోతోంది, గోదావరి ఒండ్రూ తగ్గింది. మిగిలిందైనా గట్ల మధ్య నుంచి నేరుగా సముద్రంలోకి పోతుంది, చేలకు చేరదు. 2009లో ప్రపంచంలోని 33 డెల్టాలను పరిశీలించిన అధ్యయనంలో కృష్ణ, గోదావరి రెండూ ముప్పున్నవాటిలో ఉన్నాయి. అంటే మనది ప్రధానంగా ఒండ్రు రాకపోవడం వల్ల వచ్చే ముప్పు. కాకినాడ పక్కన ఉప్పాడలో ఇళ్ళను, రోడ్డును సముద్రం తినడం కోత, అది వేరు. కుంగుబాటు, కోత, సముద్రం పెరగడం మూడూ వేర్వేరు జబ్బులు, మందులూ వేరు. ఉప్పాడ ఫొటో పెట్టి "కాకినాడ కుంగుతోంది" అంటే పొరపాటు.

జకార్తా లాగా ఎందుకు కాలేదంటే, మనకు 1852 నుంచి ధవళేశ్వరం ఆనకట్ట కాలువ ఉంది. ఊరూరా మంచినీళ్ళ చెరువు కాలువతో నిండుతుంది. కోనసీమలో లోతు బోరుకు వచ్చేది చాలాచోట్ల ఉప్పునీరే, కాబట్టి జనం దాని జోలికి పోలేదు. జకార్తాలో కుళాయి చేయాల్సిన పని మన దగ్గర కాలువ చేస్తోంది. ఆ రక్షణ ఇప్పుడు రెండు వైపుల నుంచి సడలుతోంది. ఒకటి, రొయ్యల చెరువులకు ఉప్పునీటి బోర్లు. నీళ్ళు ఉప్పువైనా తీపివైనా బంకమట్టికి ఒకటే, తోడితే అణుగుతుంది. పైగా పక్క బావిలోకి ఉప్పు ఎక్కుతుంది. చెన్నై పక్కన మీంజూరులో నగరం కోసం బోర్లు తోడి తోడి సముద్రపు నీరు కిలోమీటర్ల లోపలికి ఎలా వచ్చిందో మనకు దగ్గర పాఠం. రెండోది పట్టణాల్లో అపార్టుమెంటు బోర్లు. బోరు వేయాలంటే అనుమతి కావాలని 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం చెబుతుంది. చట్టం చేతిలో ఉంది, దాన్ని డెల్టాలో కుంగుబాటు కోణం నుంచి వాడటమే జరగాలి.

గ్యాసు గురించీ అడుగుతారు కాబట్టి చెప్తాను. లోతు నుంచి గ్యాసు తీస్తే నేల దిగడం నిజమే. నెదర్లాండ్స్‌లో గ్రోనింగెన్ గ్యాసు క్షేత్రం మీద అడుగుకు పైగా దిగింది. ఇటలీ పో డెల్టాలో గ్యాసున్న నీళ్ళు తోడడం వల్ల మీటర్లలో కుంగి, 1961లో ఆపేశారు. అయితే ఎంత దిగుతుందనేది లోతు, రాయి గట్టిదనం, తీసిన పరిమాణం బట్టి మారుతుంది, కాబట్టి ఇటలీ అంకె తెచ్చి కోనసీమకు అంటించకూడదు. గ్యాసు తీసే ప్రతిచోటా, దూరంగా కదలని రాయి నుంచి మొదలుపెట్టి ఏటా కొలతలు తీసి, ఆ అంకెల్ని పంచాయతీ బోర్డు మీద రాయాలి. అది అడగడం రైతుల హక్కు. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పిన కారణాల్లో మురుగు కాలువలు పారకపోవడం ఒకటి. చదునైన డెల్టాలో డ్రైను పారేది అంగుళాల వాలు మీద. బెత్తెడు కుంగితే చాలు, పాటు వేళ కూడా నీళ్ళు బయటికి పోవు, చేను కుళ్ళిపోతుంది. తీర నగరం మునగడం అందరికీ కనిపిస్తుంది, వరి చేను మునగడం దాని యజమానికే కనిపిస్తుంది.

మీరు కాకినాడలో ఉండి చేయగలిగిన పని ఒకటి చెబుతాను. పాత లోతు బోరు ఉన్న చోట కేసింగ్ పైపుకూ గచ్చుకూ మధ్య ఎత్తు టేపుతో కొలిచి, తేదీ వేసి ఫొటో తీసి పెట్టుకోండి. స్తంభాల పునాది మీద కట్టిన భవనం మెట్లకూ పక్క రోడ్డుకూ మధ్య ఖాళీ పెరుగుతోందేమో చూడండి. మన తీరంలో సముద్రం ఏడాదిలో బాగా ఎత్తుగా ఉండేది అక్టోబరు, నవంబరుల్లో. కార్తీక పౌర్ణమి పోటుకు మీ దగ్గరి డ్రైను తూము గోడ మీద నీళ్ళు ఎంతదాకా వచ్చాయో రంగుతో గీత గీయండి, గాలి బాగా ఉన్న రోజైతే ఆ సంగతి పక్కన రాయండి. గీత ఒక్కదాన్నే చూసి నేల దిగిందో సముద్రం లేచిందో చెప్పలేం, కేసింగ్ కొలతతో కలిపి చూస్తే చెప్పడం మొదలుపెట్టొచ్చు. ఐదు కార్తీకాల గీతలు, ఐదేళ్ళ టేపు కొలతలు పట్టుకుని డ్రైనేజీ ఇంజనీరు గారి దగ్గరికి వెళ్ళి, కొండరాయి నుంచి లెవలింగ్ చేయించమని అడగండి.